మళ్ళీ చంపేశారు

మధ్యాహ్నం ఆఫీసులో క్యారియర్ విప్పుకుని, పప్పన్నం కలుపుతూ ఫోనులో కథ చదువుతున్నాను. ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడిది సైకిలు షాపు, ఇంకొకడు డిగ్రీ చదువుతున్నాడు. వీడు ట్యూబులో గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచితే, బుడగలు ఎక్కడ వస్తున్నాయో వాడు వేలుపెట్టి చూపిస్తాడు. నీళ్ళ అడుగున వేళ్ళు తగులుతాయి. ఇద్దరూ చేతులు తీయరు. అబ్బ, ఎంత బాగా రాశాడో! ముద్ద చేతిలోనే ఆరిపోయింది. ఆఖరి పేరాకు వచ్చాను. "దూరంగా రైలు కూత వినిపించింది" అని ఉంది. అంతే, నాకు అర్థమైపోయింది. ఇలాంటి కథల్లో రైలు కూత వేసిందంటే ఎవరూ ఊరికి వెళ్ళరు.

చంపేశాడు. సైకిలు షాపు వాణ్ని పట్టాల మీద పడుకోబెట్టి, డిగ్రీ వాడికి మేనమామ కూతురితో పెళ్ళి చేసి, ఆ పెళ్ళి ఊరేగింపును అదే షాపు ముందు నుంచి నడిపించాడు. పైగా ఆ షాపుకు తాళం వేసి ఉందట. తాళం మీద తుప్పు కూడానట. నాలుగు రోజుల్లో తుప్పు పట్టే తాళం ఏ కంపెనీదో కనుక్కోవాలి.

ఈ కథ పంపినవాడు నా స్నేహితుడు. నా సంగతి పదేళ్ళుగా తెలిసినవాడు. "నీకోసమే పంపాను, చదివితే ఏడుస్తావు" అని రాశాడు. నాకోసం వచ్చేవన్నీ ఏడవడానికేనా? నాకు నవ్వుకునే కథ పంపాలని ఒక్కరికీ అనిపించదా? వాణ్ని ఎందుకు చంపారని అడిగితే, "వాస్తవికత" అని ఒక్క ముక్కలో జవాబిచ్చాడు.

వాస్తవికత! అదే సంచికలో ఇంకో ప్రేమకథ ఉంది, అమ్మాయి అబ్బాయిది. బస్సులో సీటు ఇస్తాడు, రెండో పేజీలో ప్రేమ, మూడో పేజీలో కులాలు వేరని తెలుస్తుంది, నాలుగో పేజీలో ఇరువైపుల పెద్దలూ కళ్ళు తుడుచుకుని ఒప్పుకుంటారు. చివర పూర్ణాలతో పెళ్ళి భోజనం. అక్కడ వాస్తవికత ఏ ఊరు వెళ్ళిందని ఎవరూ అడగలేదు. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి టిక్కెట్టు దొరుకుతుంది.

రెండు వేల మాటల కథ అనుకోండి. అందులో వెయ్యి అమ్మకు చెప్పాలా వద్దా అన్న మథనం. అయిదు వందలు నాన్న చెంపదెబ్బ. మూడు వందలు పెళ్ళిచూపులు. చావుకు నూటయాభై. ప్రేమకు మిగిలింది యాభై మాటలు, అందులోనూ ముప్పై వర్ణనే. నాకు ఆ యాభై మాటలే కావాలి. వాటినే సాగదీయండి, మీకు పుణ్యం ఉంటుంది. ఇద్దరు మగవాళ్ళు కరివేపాకు ఎవరు తేవాలన్న దాని మీద పోట్లాడుకుని, రాత్రికి రాజీపడితే చాలు. పెళ్ళి మాట సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న పార్లమెంటుకు వదిలేసింది. సరే, పెళ్ళి చేయకండి. కనీసం కథలో ఒక గది అద్దెకు ఇప్పించండి.

ఇది మనవాళ్ళకే పట్టిన జబ్బు కాదులెండి. ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' నవలను 1913, 14 ప్రాంతంలోనే రాసి పెట్టెలో దాచుకున్నాడు. అది 1971లో, ఆయన పోయిన మరుసటి ఏడాది అచ్చయింది. కారణం ఏమిటో తెలుసా? చివర అందులోని ఇద్దరు మగవాళ్ళూ కలిసే ఉంటారు. సుఖాంతం చేసి తీరాలని పట్టుబట్టి రాశానని, చివర ఎవరో ఒకరు ఉరికి వేలాడి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదని 1960లో ఆయనే రాసుకున్నాడు. మగవాళ్ళ ప్రేమను నేరమనే వాళ్ళ దేశపు చట్టం 1967లో మారింది. మన దగ్గర అదే మాట అనే 377వ సెక్షన్ గొడవ 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టులో తీరింది. మన కథకుల చేతిలో తాడు మాత్రం అలాగే ఉంది.

అందుకే నేను, తమకు నచ్చిన నవలల, సినిమాల పాత్రలతో అభిమానులు ఇంగ్లీషులో రాసుకునే చిట్టి కథల్లో పడ్డాను. సరిగ్గా వంద మాటల్లో ముగించే కథలుంటాయి, డ్రాబుల్ అంటారు. లెక్కపెట్టి మరీ వంద. ఆ వందలోనే ఇద్దరు కలుసుకుని, అలిగి, మళ్ళీ కలిసి కాఫీ కూడా తాగేస్తారు. పెద్ద సైట్లలో ముఖ్యపాత్ర చనిపోతే ఆ సంగతి కథ పైనే హెచ్చరికగా పెట్టే పద్ధతి ఉంది. ఎంత మర్యాద! మన పత్రికలవాళ్ళు కనీసం ఒక నల్ల రిబ్బను బొమ్మ అయినా వేయవచ్చు. అయితే ఒక మాట చెప్పుకోవాలి, ఆ కథల్లో ప్రతివాడూ బేకరీ పెట్టుకుంటాడు, బయట ఎప్పుడూ మంచు కురుస్తుంటుంది. వేసవిలో ఉక్కపోతకు ఫ్యాను కింద తడిగుడ్డ కప్పుకుని పడుకుని, వాళ్ళు చలికి దగ్గరగా జరగడం చదువుతుంటాను. వాళ్ళకు చలి సాకు దొరికింది. మాకు కరెంటు కోత ఉంది కదా, ఆ చీకటిని ఒక్కరైనా వాడుకోరే!

ఇంకోటి. అమ్మాయీ అబ్బాయీ ప్రేమించుకుంటే ప్రేమికులు. మేము మాత్రం స్వలింగ సంపర్కులం. 2018లో తీర్పు వచ్చిన రోజు టీవీలో ఆ మాట విని విని, అమ్మ వంటింట్లోంచి వచ్చి "అదేమన్నా కరెంటు వైర్ల గొడవా?" అని అడిగింది. ఏమని చెప్పను! ఆ లెక్కన నాకు వచ్చిన ప్రేమలేఖలను సంపర్క లేఖలు అనాలేమో. ప్రేమ అనే రెండక్షరాల మాట ఉండగా, ఇంత పొడుగు మాట మోయడం ఎందుకో పత్రికల వారికే తెలియాలి.

అసలు నా కోపం ఇవాళ్టిది కాదు. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు 377ను మళ్ళీ నిలబెట్టింది కదా, ఆ చలికాలంలోనే నేనూ ఒక కథ రాశాను. ఒకే మేడ మీద పక్కపక్క గదుల్లో ఇద్దరు. ఒకడికి దోసెల పిండి రుబ్బే గ్రైండరు ఉంది, ఇంకొకడికి పెనం ఉంది. అంతే కథ. ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు ఫోను చేశారు. "కథ హాయిగా ఉందండీ. కాని ఇందులో సమస్య ఏదండీ?"

"పిండి పులిసిపోయిందండీ, అదే సమస్య" అన్నాను. ఆయన నవ్వలేదు. "అలా కాదండీ, ఇలాంటి వస్తువు తీసుకున్నప్పుడు పాఠకుడు ఏదో ఒక సమస్య కోసం చూస్తాడు. చివర్లో ఒకరు దూరమైతే కథకు బరువు వస్తుంది. ఆలోచించండి" అన్నారు. చాలా మర్యాదగానే అన్నారు.

ఇక్కడిదాకా చెప్పి ఆగిపోతే నేను మంచివాణ్నే. ఈ సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. ఆలోచించాను. పెనం ఉన్నవాణ్ని చెరువులో ముంచేశాను. ఒక ఆదివారం సాయంత్రం, టీ తాగుతూ, అరగంటలో. కథ అచ్చయింది. పారితోషికం వచ్చింది. పద్నాలుగు మంది ఫోను చేసి ఏడ్చామన్నారు, నేను అందరికీ థాంక్స్ చెప్పాను. ఇవాళ నాకు సైకిలు షాపు కథ పంపిన స్నేహితుడు ఆ పద్నాలుగు మందిలో ఒకడు. అలాగే పరిచయమయ్యాం. నాకు ఎలాంటి కథలు నచ్చుతాయో వాడు ఎక్కడ నేర్చుకున్నాడని నేను ఏ మొహంతో అడగను?

పెనం ఉన్నవాడికి ఒక పేరు ఉండేది. సంపాదకుడు దాన్ని కూడా మార్చారు, నేను ఒప్పుకున్నాను.

ఇది రాస్తుండగానే స్నేహితుడు మళ్ళీ మెసేజి పెట్టాడు. "కోపం వచ్చిందా? ఇంకొకటి పంపుతున్నాను, ఇందులో ఎవరూ చావరు, ఒట్టు" అన్నాడు. లింకు తెరిచాను. మొదటి వాక్యం: "రైలు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉంది."

ఫోను బోర్లా పెట్టేశాను. ఎవరైనా ముందు చదివి చెప్పండి.