రాత్రి ఆపరేషన్ థియేటర్‌లో సీనియర్ ఉండాలి

చెన్నై సెంట్రల్ స్టేషన్ ఎదుట ఉన్న ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి తెలుగువారికి పరాయిది కాదు. తడ, సూళ్లూరుపేట, నగరి వైపు ఎవరి తలకైనా పెద్ద దెబ్బ తగిలితే మద్రాసు తీసుకుపోదామనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ నగరంలోని వైద్య కళాశాలల్లో పీజీ చేస్తున్న వారిలోనూ మన పిల్లలు ఉన్నారు. కాబట్టి ఇక్కడి క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, రాత్రిపూట ఏం జరుగుతుందన్నది మనకూ సంబంధించిన విషయమే.

రోడ్డు ప్రమాద బాధితులకు తొలి 48 గంటల చికిత్స ఉచితంగా అందించే పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో ప్రారంభించింది. బాధితుడిది ఏ రాష్ట్రమని అందులో అడగరు. 2022లో 64,105 రోడ్డు ప్రమాదాలతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచిన రాష్ట్రానికి ఇది ఎంతో అవసరమైన పథకం. మనస్ఫూర్తిగా హర్షిస్తున్నాం. అయితే ఆ 48 గంటల్లో మొదటి గంట ఎవరి చేతుల్లో నడుస్తోంది? చాలాచోట్ల, అనస్థీషియా (మత్తు వైద్యం) చదువుతున్న ఓ పీజీ విద్యార్థి చేతుల్లో.

ముందుగా నిర్ణయించిన ఆపరేషనుకు వచ్చే రోగి కడుపు ఖాళీగా ఉంటుంది, పరీక్షలన్నీ అయి ఉంటాయి. ప్రమాదంలో నలిగి వచ్చిన మనిషి అప్పుడే భోజనం చేసి ఉండవచ్చు. నోటినిండా రక్తం, విరిగిన దవడ. వెన్నెముక దెబ్బతిన్నదేమోనన్న అనుమానంతో మెడ కదపకూడదు. రక్తం పోయిన ఒంటికి మామూలు మోతాదులో మత్తుమందు ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. కండరాలు సడలే మందు ఇచ్చాక రోగి సొంత ఊపిరి ఆగిపోతుంది. ఆ తర్వాత గొంతులో ట్యూబు వేయడానికి దొరికేది కొద్ది నిమిషాలే. ఒకరు మెడ కదలకుండా పట్టుకోవాలి, మరొకరు నోట్లోని రక్తాన్ని పీల్చేసే సక్షన్ గొట్టంతో సిద్ధంగా ఉండాలి. ట్యూబు శ్వాసనాళంలోకే వెళ్లిందని మానిటర్ మీద ఊపిరితో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ గీత చూసి నిర్ధారించుకోవాలి. ఆ వెంటనే రక్తం సంగతి. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు, అందుకే ఎక్కించే రక్తాన్ని వెచ్చబరచాలి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ ఆసిడ్ దెబ్బ తగిలిన మూడు గంటల్లోపే పడాలి. కడుపులో రక్తస్రావం అవుతుంటే సర్జన్ దాన్ని ఆపేదాకా బీపీని కొంత తక్కువగానే ఉంచుతారు. తలకు దెబ్బ తగిలితే మాత్రం బీపీ పడనివ్వకూడదు. ఒకే మనిషికి రెండూ ఉంటే? అప్పుడు ఎటు మొగ్గాలో పుస్తకం చెప్పదు, పక్కన నిలబడ్డ అనుభవజ్ఞుడు చెప్పాలి.

ఈ విద్య మొదటినుంచీ అలా నేర్చుకున్నదే. క్లోరోఫాం మత్తు ఎంత సురక్షితమో పరిశోధించిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లను 1888, 1889లో నడిపించిన వైద్యుడు ఎడ్వర్డ్ లారీ దగ్గరే రూపాబాయి ఫర్దూన్జీ మత్తు ఇవ్వడం నేర్చుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరొందారు.

ఇప్పుడు పగటి ఆపరేషన్లలో ప్రొఫెసర్లు పక్కనే ఉంటారు. కష్టమైన కేసులు వచ్చే అర్ధరాత్రి వేళ సీనియర్లు ఫోనులో దొరుకుతారు. వారు బయల్దేరి వచ్చేలోపు ఆ కొద్ది నిమిషాలు గడిచిపోతాయి. ఏ ఒక్క ఆస్పత్రినో వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు, ఏర్పాటే అలా ఉంది. ఎండీ పూర్తిచేసి అనుభవం గడించిన మత్తు వైద్యుడు ఇరవై నాలుగు గంటలూ ప్రమాద బాధితులకు ఆపరేషన్లు చేసే ట్రామా థియేటర్‌లోనే ఉండాలి. మొదటి ఏడాది పీజీని ఒంటరిగా వదలకూడదు. గొంతు లోపలి దారిని తెరమీద చూపించి ట్యూబు వేయడానికి తోడ్పడే వీడియో లారింగోస్కోపు బీరువాలో కాకుండా రోగి మంచం పక్కన ఉండాలి.

పని గంటల సంగతి మరీ అన్యాయం. రెసిడెంట్ల (ఆస్పత్రిలో పనిచేస్తూ చదివే పీజీ వైద్యుల) ఏకధాటి డ్యూటీ సాధారణంగా రోజుకు 12 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2023 పీజీ నిబంధనలు 'సహేతుకమైన పని గంటలు' అని ఊరుకున్నాయి, అంకె లేదు. వారానికి 74 గంటలు దాటకూడదని 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ సిఫారసు చేసింది. గంటలు తగ్గితే కేసులు తక్కువ చూస్తారని కొందరు పెద్దల వాదన. మేం అంగీకరించం. ఈ వృత్తిలో సగం పని రెప్ప వాల్చకుండా మానిటర్ చూడటమే. రెండు రాత్రులు నిద్రలేని కంటికి పడిపోతున్న అంకె కనిపించదు, కనిపించినా దాని అర్థం తట్టదు. అలా చూసిన కేసు నేర్పేది కూడా తక్కువే.

తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే పీజీలకు చేరగానే కొన్ని వారాలు తమిళం నేర్పించాలి. చివరిసారి ఎప్పుడు తిన్నావు, ఏ మందు పడదు, ఇంతకుముందు ఆపరేషన్ అయిందా అని స్పృహ ఉన్న కాసేపట్లో అడగలేకపోతే నష్టపోయేది రోగి.

అదనపు పోస్టులకు ఆర్థిక శాఖ అనుమతి రావాలంటే సమయం పడుతుందని మాకు తెలుసు. ఈ రాత్రి బాధ్యత వహించే సీనియర్ ఎవరు, ఆస్పత్రిలోనే ఉన్నారా, డ్యూటీలో ఉన్న పీజీ ఎన్ని గంటలుగా పనిచేస్తున్నారు అన్న మూడు వివరాలను క్యాజువాలిటీ బోర్డు మీద రాయడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు. ఈ నెలలోనే మొదలుపెట్టండి.