జెట్ ఎక్కినందుకే మునిగిందా?

ప్రేమ పేరుతో డబ్బు గుంజేవాళ్ళ ఆచూకీ తీసే డాక్యుమెంటరీ సిరీస్ ఒకటి 2025 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. పేరు 'లవ్ కాన్ రివెంజ్'. ఆచూకీ తీసేవాళ్ళలో ఒకరు సెసిలీ అనే నార్వే అమ్మాయి. టిండర్ అనే డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాడి చేతిలో మోసపోయి, 2022లో వచ్చిన 'ది టిండర్ స్విండ్లర్' అనే డాక్యుమెంటరీ సినిమాలో తన సొంత కథ చెప్పుకున్నది ఈవిడే. ఆవిడ ముఖం మళ్ళీ కనపడగానే పాత మాటలు మళ్ళీ లేచాయి. ప్రైవేట్ జెట్ చూసి వెంటపడింది, అత్యాశకు పోయింది, చదువుకున్నదానికి ఆ మాత్రం తెలీదా, ఒకసారంటే సరే అన్నిసార్లు ఎలా ఇస్తారు, అయినా వాడు జైలుకెళ్ళాడుగా ఇంకా ఏడుపెందుకు? మా ఫ్యామిలీ గ్రూపులోకి కూడా వచ్చాయి ఈ మాటలు, నవ్వే బొమ్మలతో సహా.

నేను పద్నాలుగేళ్ళు బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చున్నదాన్ని. ఆ సీట్లోంచి చూస్తే ఈ కథ ఇంకోలా కనపడుతుంది.

ముందు అత్యాశ సంగతి. నూటికి పది వడ్డీ ఇస్తానంటే ఎగబడి డబ్బు కట్టడం అత్యాశ. సెసిలీకి ఎవరూ లాభం చూపించలేదు. వజ్రాల వ్యాపారి లెవ్ లెవీవ్ కొడుకునని చెప్పుకున్న సైమన్ లెవీవ్ (అసలు పేరు షిమోన్ హయూత్) ఆమెకు చెప్పింది వేరు. శత్రువులు వెంటపడుతున్నారు, నా కార్డులు వాడితే దొరికిపోతాను, కొన్నాళ్ళు నీ పేరు మీద సర్దు అన్నాడు. తలపగిలి నెత్తురు కారుతున్న బాడీగార్డు ఫొటో పంపాడు. ఆమె ఇచ్చింది ఆపదలో ఉన్నవాడికి చేబదులు. స్వీడన్‌కి చెందిన పెర్నిల్లా అయితే అతనికి ప్రియురాలు కూడా కాదు, ఉత్త స్నేహితురాలు. ఆమె కూడా అప్పు ఇచ్చింది. కోటీశ్వరుడి పెళ్ళాం అవుదామనుకుంది అన్న మాట ఆవిడ దగ్గర ఎక్కడ అతుకుతుంది?

మరి జెట్ ఎందుకు? కలిసిన మొదటి రోజే సెసిలీని లండన్ నుంచి బల్గేరియా తీసుకెళ్ళాడు, నిజమే. మన ఊళ్ళో పదెకరాల ఆసామి పదివేలు చేబదులు అడిగితే నోటు రాయమంటామా? ఆ పదెకరాలే పూచీ. ఇక్కడ జెట్ ఆ పని చేసింది. ఆ జెట్ అద్దె అంతకుముందు మోసపోయిన ఇంకో ఆడమనిషి అప్పులోంచి వచ్చిందని అప్పుడు ఎవరికి తెలుసు? అన్నట్టు, ఈ అత్యాశ మాట పుట్టడంలో సినిమా తప్పు కూడా కొంత ఉందంటాను నేను. షాంపేన్ గ్లాసుల మీద నిలిచినంతసేపు కెమెరా లోన్ కాగితాల మీద నిలవలేదు.

చదువుకున్నవాళ్ళు మోసపోరన్నది రెండో మాట. క్రెడిట్ కార్డు లిమిట్ పెంచుకోవడానికి అతను సెసిలీని తన కంపెనీ ఉద్యోగిగా చూపించే దొంగ కాగితాలు పుట్టించాడు. వాటిని చూసి లిమిట్ పెంచింది కార్డు కంపెనీ. జీతం కాగితాలు పరిశీలించడమే పనిగా ఉన్నవాళ్ళకే అనుమానం రాలేదు. ఇక ఆ అమ్మాయినా మనం అనేది?

మా బ్రాంచికి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చేవారు. ఒకరోజు ఎఫ్‌డీ బ్రేక్ చెయ్యమన్నారు. రెండు నెలలు ఆగితే మెచ్యూరిటీ. "కుదరదమ్మా, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు పార్సిల్ ఆపారు, సాయంత్రం అయిదులోపు కట్టాలి" అన్నారు, ఫోను లైన్లోనే ఉంచి దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని. పార్సిల్ పంపింది లండన్‌లో డాక్టరమ్మట, ఫేస్‌బుక్‌లో పరిచయం. ఇప్పుడు తీస్తే వడ్డీ ఎంత పోతుందో నేను సిస్టమ్‌లో చూసేలోపే ఆయన నోటితో లెక్క కట్టి చెప్పారు. లెక్క సరిగ్గానే ఉంది. సర్వర్ స్లో అని అరగంట కూర్చోబెట్టి నచ్చచెప్పాను. వినలేదు.

ఇక అన్నిసార్లు ఎందుకిచ్చారన్నది. సెసిలీ తొమ్మిది చోట్ల చేసిన అప్పు దాదాపు రెండున్నర లక్షల డాలర్లు. మధ్యలో అతను అయిదు లక్షల డాలర్ల చెక్కు ఇచ్చాడు, అది చెల్లలేదు. మొండిబాకీ వెనక తిరిగినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. ఇంకొంచెం సర్దితే మొత్తం తీర్చేస్తానన్నప్పుడు, కాదంటే ముందు ఇచ్చింది కూడా పోతుందన్న టెన్షనే చెయ్యి పట్టుకుని సంతకం పెట్టిస్తుంది. మా మాస్టారు కూడా వారం తిరక్కుండా రెండో ఎఫ్‌డీ పట్టుకొచ్చారు. ఈసారి కస్టమ్స్ కాదు, ఏదో క్లియరెన్స్ సర్టిఫికెట్టు.

జైలుకెళ్ళాడన్నది సగం నిజం. ముగ్గురు ఆడవాళ్ళను మోసం చేసినందుకు 2015లో ఫిన్‌లాండ్‌లో శిక్షపడింది. బయటికొచ్చి పేరు మార్చుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. 2019లో గ్రీస్‌లో దొంగ పాస్‌పోర్టుతో దొరికితే ఇజ్రాయెల్‌కు పంపారు. అక్కడ 15 నెలల శిక్ష, అయిదు నెలలకే విడుదల. అది కూడా ఇజ్రాయెల్‌లోని పాత నేరాలకే. సెసిలీ, పెర్నిల్లా, అదే సినిమాలో కనపడే నెదర్లాండ్స్ ఆవిడ ఐలీన్‌ల విషయంలో పడింది కాదు. తాను మోసగాణ్ణి కాదని అతను ఇప్పటికీ అంటాడు. ఈ ముగ్గురి అప్పులు మాత్రం సినిమా వచ్చేనాటికీ తీరలేదు.

ఇదంతా ఒక అందగాడి కథ అనుకునేవాళ్ళకి ఒక్క లెక్క. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 2022లో ప్రేమ మోసాల మీద ఫిర్యాదు చేసినవాళ్ళు దాదాపు 70 వేలమంది, పోయింది 130 కోట్ల డాలర్లు. అందులో జెట్ ఎక్కినవాళ్ళు ఎందరుంటారు? అవతల చాట్ చేసేది అందగాడే కానక్కర్లేదు, మన కుర్రాడే కావచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని సైబర్ మోసాలు చేయించిన ముఠా ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. అక్కడ ఇరుక్కున్నవాళ్ళలో మన ఉత్తరాంధ్ర పిల్లలున్నారు.

డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో ఆపే వీలుంటుంది, ఆలస్యమైతే చేతులు మారిపోతుంది. మాస్టారు నా దగ్గరికి వచ్చి నిజం చెప్పింది తొమ్మిదో రోజున. ఇన్నాళ్ళు ఎందుకాగారని అడిగాను. "మా అమ్మాయికి తెలిస్తే నవ్వుతుందమ్మా" అన్నారు.