పిల్లల్ని వదిలే ఫొటోలు చాలు, చచ్చిన తాబేళ్ల లెక్క ఎక్కడ?

మార్చి వస్తే చాలు, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒకటే ఫొటో. తొట్టి నిండా సముద్ర తాబేలు పిల్లలు, చుట్టూ వాటిని వదలడానికొచ్చిన అతిథులు. పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చేది ఎక్కువగా రాత్రి చల్లదనంలో. అతిథి వచ్చేదాకా తొట్టిలో ఉంచితే, సముద్రంలో ఈదడానికి దాచుకున్న శక్తి అంతా అక్కడే కొట్టుకుని ఖర్చయిపోతుంది. తెల్లారాక వదిలితే కాకులూ గద్దలూ కాచుకుని ఉంటాయి. వచ్చిన రాత్రే, లైట్లు లేని చోట, కొన్ని గజాలు ఇసుక మీద వాటంతటవే నడిచేలా వదలాలి. రోజూ ఒకే చోట వదిలితే చేపలకు ఆ చోటు అలవాటవుతుంది.

హేచరీ, అంటే గుడ్లను తెచ్చి ఇసుకలో పూడ్చి పొదిగించే చోటు, దాని సంగతీ అంతే. గుడ్లు పెట్టిన ఐదారు గంటల్లోపే, అటవీశాఖ అనుమతితో, తిప్పకుండా కుదపకుండా మోసుకురావాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అంటుకుని ఉంటుంది, గుడ్డు దొర్లితే చచ్చిపోతుంది. గుంత కుండలా ఉండాలి: మూతి ఇరుకు, అడుగు వెడల్పు, మూరెడు లోతు. గుంతకూ గుంతకూ మీటరు ఎడం. ఆడో మగో తేల్చేది ఇసుక వేడి, దాదాపు 30 డిగ్రీలు దాటితే ఆడవే ఎక్కువ. గుడ్ల లోతులో థర్మామీటరు పెట్టని హేచరీకి లోపల ఏం జరుగుతోందో తెలియదు.

కానీ నా అసలు బాధ వేరు. గూళ్ల లెక్క అందరి దగ్గరా ఉంది, కళేబరాల లెక్క చాలామంది దగ్గర లేదు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలకొద్దీ తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. అక్కడ 1988 నుంచి విద్యార్థులు తాబేళ్ల కోసం రాత్రిళ్లు ఒడ్డున నడుస్తున్నారు. ఏది మామూలు, ఏది కాదు అని చెప్పగలిగేది అలా ఏళ్ల తరబడి నడిచినవాళ్లే.

మన తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14న ముగుస్తుంది. తల్లి తాబేళ్లు ఒడ్డుకు చేరువగా తిరిగేదేమో జనవరి నుంచి మార్చి దాకా! ఆ నెలల్లో వాటికి దిక్కు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు ట్రాలర్లు (వల ఈడ్చే మరబోట్లు) రాకూడదన్న నియమమూ, వలలో తాబేలు తప్పించుకునే టెడ్ జాలీ చట్రమూ. తాబేలు పైకొచ్చి గాలి పీల్చాలి, గంటల తరబడి ఈడ్చే వలలో ఊపిరాడదు. ఈ నియమాలు ఎక్కడ నీరుగారుతున్నాయో అడగాలంటే తేదీ, చోటు ఉన్న లెక్క కావాలి.

అందుకే రోజూ ఒడ్డున నడవండి: అదే మొదలు, అదే చివర, అదే వేళ. ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది నడిచారో రాయండి. ఏమీ కనబడని రోజున సున్నా రాయండి. ఆ సున్నాలు లేకపోతే పది కళేబరాలు ఒక్క రోజువో వారానివో తేలదు. డిప్ప మెడ దగ్గర నుంచి తోక వైపు చివరిదాకా వంపు వెంట మెత్తటి టేపుతో సెంటీమీటర్లలో కొలవండి. పెద్ద తాబేలైతే, తోక డిప్ప దాటి పొడుగ్గా ఉంటే మగది. తాజాదా, ఉబ్బిందా, ఎండిందా? గాయం ఉంటే దగ్గర్నుంచి ఫొటో. గాయం లేనంత మాత్రాన వలలోనే చచ్చిందని రాసేయకండి, అది అనుమానమే.

చివరగా డిప్ప మీద పెయింటుతో తేదీ, వరస నంబరు. ఆ గుర్తు లేకుండా, పోటుకు అదే కళేబరం కొట్టుకుపోయి పక్క ఊరి ఒడ్డున తేలితే, అక్కడివాళ్లు మళ్లీ లెక్కేస్తారు. పోటు గీతకు పైన మూడడుగుల లోతున పూడ్చండి, తక్కువైతే కుక్కలు రాత్రికి రాత్రే తవ్వేస్తాయి.