తుపాను డబ్బుల్లో జనం వాటా ఏదీ?

అక్టోబరు వచ్చిందంటే నెల్లూరు, ప్రకాశం తీరంలో మనసులు కుదురుగా ఉండవు. 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపాన్లు చూసినవాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ మునిగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కోసుకుపోయింది. ఇన్ని చూసిన జనానికి సర్కారు ఇచ్చిన పని ఏమిటి? మైకులో చెప్పింది వినడం, బస్సెక్కమంటే ఎక్కడం, పులిహోర పొట్లానికి చెయ్యి చాపడం. నా కోపమంతా దీనిమీదే.

డబ్బు లేదంటే ఒప్పుకోను. కేంద్రం నుంచి రాష్ట్రాలకు ఎంత డబ్బు పోవాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధుల కింద దేశం మొత్తానికి 1,60,153 కోట్లు చూపించింది. సహాయానికి ఇంత, పునర్నిర్మాణానికి ఇంత, ముప్పు తగ్గించే పనులకు ఇంత అని విడగొట్టి, 10 శాతం అచ్చంగా సన్నద్ధతకు, శిక్షణకు పెట్టింది. ఆ పది శాతంలో మన మండలానికి ఎంతొచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని ఏ గ్రామసభలోనైనా చదివి వినిపించారా? నేనైతే వినలేదు.

ఒక అవగాహన సదస్సుకు నేనూ వెళ్లాను. ఫ్లెక్సీ కట్టారు, దీపం వెలిగించారు, ప్రసంగాలయ్యాయి, రిజిస్టరులో సంతకాలు పెట్టించుకుని భోజనాలు పెట్టారు. మధ్యాహ్నం మూడింటికల్లా హాలు ఖాళీ. లైఫ్ జాకెట్ ఎలా బిగించుకోవాలో, నీళ్లు మింగినవాణ్ణి బయటికి తీశాక ముందు ఏం చెయ్యాలో ఒక్కరిచేతా చేయించి చూపలేదు. వేటకు పోయేవాళ్లు ఇద్దరో ముగ్గురో వచ్చారంతే. వాళ్లను తప్పుపట్టలేం. ఆ రోజు వేట మానుకుంటే పొయ్యి ఎలా వెలుగుతుంది?

అందుకే ముందుగా కూలి సంగతి తేల్చాలంటాను. శిక్షణకు వచ్చిన ప్రతి మనిషికీ ఆ రోజు కూలి ఆ సన్నద్ధత నిధుల్లోంచే ఇవ్వాలి. కాలం కూడా కలిసొస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులు వలలు బాగుచేసుకుంటూ ఊళ్లోనే ఉంటారు. తుపాన్ల కాలానికి ఇంకా నాలుగు నెలలుంటుంది. ఆపదలో ఆదుకునే వాలంటీర్లను ఊళ్లలోనే తయారుచేసే ఆపద మిత్ర పథకం 2016 నుంచి ఉంది. 12 రోజుల శిక్షణ, చేతికి కిట్టు, అంతా కాగితం మీద రాసే ఉంది. ఆ వాలంటీర్లను వేటగాళ్లుండే పట్టపుపాలెంలో కాపుల్ని, అంటే పెద్దల్ని, కూర్చోబెట్టుకుని ఊరే ఎంచుకోవాలి. జిల్లా ఆఫీసులో పేర్లు రాసేసుకుంటే కుదరదు. మైపాడులో, కొత్తపట్నంలో అల ఎటు తిరుగుతుందో, పడవ ఎక్కడ దింపాలో బయటినుంచి వచ్చే బృందాలకు చెప్పాల్సింది కూడా వాళ్లే కదా.

ఇక ఇళ్ల సంగతి. మంచం దిగలేని అవ్వ ఎవరింట్లో ఉంది, నెలలు నిండిన పిల్ల ఎవరు, డయాలసిస్‌కు పోయేవాళ్లెవరు, ఇవన్నీ డ్వాక్రా లీడరుకు నోటికొచ్చు. ఆమె చేత ఏటా సెప్టెంబరులో ఆ జాబితా రాయించండి, పనికి తగ్గ డబ్బివ్వండి. తుపాను షెల్టరు తాళంచెవి కూడా ఆమె సంఘం దగ్గరే ఉండాలి. గాలి మొదలయ్యాక తాళంచెవి కోసం మనిషిని పంపే పరిస్థితి ఇక వద్దు.

తుపాన్లేనా? 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు భూమి కంపిస్తే జనం ఇళ్లలోంచి పరుగెత్తడం తప్ప ఇంకేం చెయ్యాలో ఎవరూ నేర్పి ఉండలేదు. ఆ ఊళ్ల బళ్లలో ఏడాదికి రెండుసార్లు మాక్ డ్రిల్ పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

జనం చేతికి డబ్బిస్తే తినేస్తారని ఒక అధికారి నా మొహాన్నే అన్నాడు. ఆయనకు ఈ జిల్లా సంగతి తెలియదు. 1990ల మొదట్లో సర్కారు డబ్బుతోనే నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట చదువు చెప్పింది ఊళ్లలో కుర్రకారే. ఆ చదువుల్లోంచే దూబగుంట ఆడవాళ్లు లేచి సారా అంగడి మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా పోయింది. పలకా బలపం ఇచ్చి నమ్మితేనే అంత చేసిన జనాన్ని తుపాను విషయంలో నమ్మడానికి ఏం అడ్డం?

16వ ఆర్థిక సంఘం కాలం 2026 ఏప్రిల్ నుంచి లెక్క. ఈ ఐదేళ్ల డబ్బయినా జనం ముందు పెట్టాలి. మండలానికి వచ్చిన సన్నద్ధత నిధుల లెక్క గ్రామసభలో చదవాలని, వేట నిషేధంలో కూలితో కూడిన శిక్షణ పెట్టాలని అర్జీ రాశాను. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తాను. ఒక్కడి అర్జీ అయితే పక్కన పడేస్తారు. మీ పంచాయతీ నుంచి కూడా ఇవ్వండి, నమూనా కావాలంటే పంపిస్తాను.