ఈగ గాలం మాహాత్మ్యం

గాలం అనేది చేపలు పట్టడానికే అని నమ్మేవాళ్ళు ఈ రోజుల్లోనూ ఉన్నారు. వాళ్ళని చూస్తే జాలేస్తుంది. పెళ్ళికి వెళ్ళేది భోజనానికే అనడం లాంటిది అది. కొంత నిజం ఉంటే ఉండొచ్చు గానీ, పెద్దమనుషులు పైకి అనకూడదు.

మాది పర్లాకిమిడి. ఊరిని ఆనుకునే మహేంద్రతనయ పారుతుంది. ఏటిగట్టున పిల్లలు వెదురు గెడకి తంగూసు కట్టి, బెండు ముక్క తగిలించి, వానపాముని గుచ్చి పరిగెలు పడుతుంటారు. కొక్కేంతో కలిపి మొత్తం ముప్పై రూపాయల వ్యవహారం. ఇంత చవగ్గా జరిగేదాన్ని హాబీ అనరు, కూర అంటారు. నేను చేస్తున్నది హాబీ. ఎనిమిది నెలలుగా నా చేతుల్తో నేనే ఒక ఫ్లై రాడ్డు తయారు చేసుకుంటున్నాను.

"ఈగతో చేపలు పట్టే కర్ర" అని మా ఇంటావిడకి వివరంగా చెప్పాను.

"ఈగలు మనింట్లో బోలెడున్నాయి. కర్రే తక్కువైంది" అంది.

నిజం ఈగ కాదు లెండి. కోడి మెడ ఈకలు, నెమలి ఈక పోగులు కొక్కేనికి దారంతో చుట్టి, చేపకి ఈగేమో అని అనుమానం వచ్చేలా చేస్తారు. దానికి బరువుండదు. తిరకాసంతా అక్కడే ఉంది. మామూలు గాలంలో సీసం గుండు ముందు ఎగిరితే దారం దాని వెంట పోతుంది. ఇక్కడ ఎగిరేది దారం, ఈగ దాని వెంట పోతుంది. అందుకని దారానికే బరువు పెట్టారు, ఆ బరువుని బట్టి కర్రలకి నంబర్లు పెట్టారు. నాది ఐదో నంబరు. అంటే దారంలో మొదటి 30 అడుగులు తూస్తే 140 గ్రెయిన్లు, మన లెక్కలో 9 గ్రాములు. తులం కూడా లేదు. ఆ తొమ్మిది గ్రాములు విసరడానికి ఎంత ఖర్చయిందో ఇక్కడ రాయను. తులం అన్న మాట వినగానే మా ఇంటావిడ ఏదో లెక్క మొదలుపెట్టింది, నేను మాట మార్చేశాను.

ఈ విద్య ముఖ్యంగా ట్రౌట్ అనే చేప చుట్టూ పెరిగింది. అది చల్లనీళ్ళ చేప. తెల్లవాళ్ళు దాన్ని తెచ్చి కాశ్మీరులో, నీలగిరుల్లో వదిలారు. మా ఏట్లో ఏప్రిల్ నెలలో వదిలితే ఉప్పూకారం వేసుకోవడమే తరువాయి. కాబట్టి మా చుట్టుపక్కల ట్రౌట్ లేదు. దీన్ని నేను లోటుగా భావించను. చేప ఉంటే పట్టాలి, పట్టలేకపోతే అవమానం. ఆ టెన్షన్ నాకు లేదు.

కర్ర నాలుగు ముక్కలుగా, నల్లటి కార్బన్ ఫైబరు, ఓ గొట్టంలో వచ్చింది. కొరియర్ కుర్రాడు ఒడియావాడు. ఇదేంటని అడిగాడు. "బనిశి" అన్నాను, ఒడియాలో గాలమని. నా ఒడియా పర్లాకిమిడి తెలుగువాడి ఒడియా. అతను "బంశీ?" అని పెదాల పక్కన వేళ్ళాడించి వేణువు ఊదినట్టు చూపించాడు. సరిదిద్దే ఓపిక లేక అవునన్నాను. ఆ రోజు నుంచి వీధిలో అందరూ నన్ను సంగీతం నేర్చుకుంటున్న మనిషిగా చూస్తున్నారు. ఇంతవరకూ ఒక్క స్వరం కూడా వినపడకపోవడంతో గౌరవం ఇంకా పెరిగింది.

వెదురుతోనే ఎందుకు చేయలేదని మీరడగొచ్చు. అసలు రసికులు చేసేది వెదురుతోనే. బొంగుని చీల్చి, ఆరు బద్దలు తీసి, అంగుళంలో వెయ్యోవంతు తేడా రాకుండా చిత్రిక పట్టి, ఆరుపలకల కర్రగా అతికిస్తారు. అయితే ఏ వెదురు పడితే ఆ వెదురు పనికిరాదు. చైనాలో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టోంకిన్ వెదురు కావాలి. మా చుట్టూ కొండల నిండా వెదురే, లారీలకి లారీలు కాగితం మిల్లుకి పోతుంది. అయినా అది మన వెదురు కదా, దాని మీద నాకు నమ్మకం కుదరలేదు. తర్వాత చదివితే తెలిసింది, టోంకిన్ రాకముందు అమెరికావాళ్ళు ఈ కర్రలు చేసింది కలకత్తా నుంచి ఓడలో తెప్పించుకున్న మన దేశపు వెదురుతోనేనట. ఈ సంగతి నాకు ముందు తెలియకపోవడం మంచిదైంది. తెలిస్తే ఖర్చు తగ్గిపోయేది.

ఆ విషయం చదివిన వారంలోనే చేట కొనడానికి మేదరి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నాతో మాట్లాడుతూనే బొంగుని కాలి కింద తొక్కిపెట్టి, కత్తి మొనతో చీల్చుకుంటూ పోయింది. చూపు నా మీదే ఉంది. బద్దలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టొచ్చాయి. చేట నూటఇరవై అంది. చేత్తో చేసినదానికి అంతా అని తొంభైకి బేరమాడి, అక్కణ్ణుంచి నేరుగా ఇంటికొచ్చి, పిడికి కార్కు బిళ్ళలు ఆర్డరు పెట్టాను. అక్కడ బేరం నొక్కడానికి బటన్ లేదు.

కొమ్ము బొమ్మలు మా ఊరి ప్రత్యేకత. పిడి కర్రని కలిసే చోట సన్నటి ఉంగరం ఒకటి ఉండాలి. దున్నపోతు కొమ్ముతో చేయిద్దామని ఒక పనివాడి దగ్గరికి వెళ్ళాను.

"ఏలి కొలతియ్యండి బాబూ."

"వేలికి కాదు, కర్రకి."

అతను కాసేపు నా ముఖంలోకి చూశాడు. "కర్రకి ఉంగరమేటి బాబూ, పెళ్ళా?" అన్నాడు. అన్నాడే గానీ అరగంటలో చేసిచ్చాడు. అతికినట్టు సరిపోయింది. ఈ ఎనిమిది నెలల్లో మొదటిసారే సరిపోయినది అదొక్కటే.

ఇక అసలు ఘట్టం దారం చుట్టడం. దారం పోయే తీగ కళ్ళు అడుగుకొకటి చొప్పున, పైన ఇంకొకటి, తొమ్మిదడుగుల కర్రకి పది ఉంటాయి. చిట్టచివర టోపీలాంటిది వేరే. ప్రతి కంటి కాళ్ళనీ దారంతో కర్రకి బిగించాలి. ముడి వేయకూడదు. పోగు పక్కన పోగు సందు లేకుండా చుట్టుకొచ్చి, ఆఖర్న కొసని ఆ చుట్ల కిందికే లాగి దాచేయాలి. కట్టినట్టే తెలియకూడదు. పూర్వం పట్టుదారం వాడేవారట. బరంపురం పట్టుచీర ఇంట్లో ఉండగా పట్టుదారం కొనడమేమిటి? ఎర్రచీర. బొడ్డు దగ్గర దోపుకునే చెంగు నుంచి, ఎవరికీ కనపడని చోటే, రెండు వేళ్ళ మేర పోగులు లాగాను. నల్లటి కర్ర మీద ఎర్రటి పట్టు. చూసుకుని చూసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు.

దాని మీద రెండు సీసాల జిగురు సమంగా కలిపి పూయాలి. అది గట్టిపడేదాకా కర్ర తిరుగుతూనే ఉండాలి, ఆగితే జిగురు కిందికి కారి బొట్టు కడుతుంది. పాడైన మైక్రోవేవ్‌లో పళ్ళెం తిప్పే మోటారు పీకి పెట్టాను. నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది. మా పాత నౌపడ చిన్న రైలుబండి ఎక్కినవాళ్ళకి ఆ వేగం తెలుసు. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది.

ఇంట్లో మెలకువగా ఉన్నది మా మామగారొక్కరే. ఊరికే కూర్చోలేని మనిషి. "ఇలా తెండి బాబూ" అని కర్ర అందుకుని, విష్ణు సహస్రనామం ఎత్తుకున్నారు. నామానికో చుట్టు. తప్పు పోలేదు, తొందరపడలేదు. వెయ్యి నామాలూ అయ్యేసరికి మూడు గంటలు పట్టింది, జిగురు కూడా అమిరింది. ఏ ఫ్యాక్టరీలోనూ ఇంత నిష్ఠగా ఆరిన కర్ర ఉండదని బల్లగుద్ది చెప్పగలను.

తెల్లారి చూస్తే ఎరుపు లేదు. పట్టు జిగురు పీల్చుకుంటే అద్దంలా అయిపోయి కింద ఉన్నది చూపిస్తుందట. కింద ఉన్నది నలుపు. రంగు పోకుండా ముందుగా ఓ పూత వేయాలట. ఆ పూత సీసా పార్సిల్‌లోనే వచ్చింది. ఊరికే ఇచ్చారు కదా, పనికిరానిదేమో అనుకుని అవతల పెట్టాను.

మొన్న గుణుపురంలో పెళ్ళికని చీర బయటికి తీశారు. బొడ్డు చెంగు దగ్గర రెండు వేళ్ళ మేర పోగులు లేవు. అబద్ధం ఆడడం నా వల్ల కాదు. కర్ర తెచ్చి చేతికిచ్చి, ఆ పోగులన్నీ దీని మీదే భద్రంగా ఉన్నాయన్నాను. ఆవిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగులో పట్టుకుని, మెల్లగా తిప్పుతూ చూసింది.

"ఏదీ?"

"సరిగ్గా చూడు."

ఇంకా మెల్లగా తిప్పింది. హాల్లో పేపరు చదువుతున్న మామగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. కర్ర తిరుగుతోంది. పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, "విశ్వం, విష్ణుః, వషట్కారః..." అని అందుకున్నారు.