గోరు కింద నొప్పికి గుండుసూది పరీక్ష ఎందుకు చెయ్యరు?

వాపు లేదు, చీము లేదు, గోరు చూడ్డానికి బాగానే ఉంటది, కానీ డిసెంబర్ పొద్దున గిన్నెలు తోముదామని చన్నీళ్ళలో చెయ్యి పెడితే ఆ ఒక్క వేలు మాత్రం మోచేతి దాకా గుంజుతాది. మన కర్నూలు వైపు ముందు గోరుచుట్టు అని నిమ్మకాయ తొడుగుతారు, తగ్గకపోతే మెడ నరం అంటారు, తర్వాత విటమిన్ మాత్రలు, ఆఖరికి "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపించేస్తారు.

దీని పేరు గ్లోమస్ ట్యూమర్. ట్యూమర్ అనగానే కంగారొద్దు, ఇది క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు. వేళ్ళ చివర రక్తం ఎంత పారాలో చూసుకుంటూ వంట్లో వేడిని కంట్రోల్ చేసే గ్లోమస్ బాడీలు ఉంటాయి, వాటిలోంచి పెరిగే గడ్డ ఇది, చాలాసార్లు కొన్ని మిల్లీమీటర్లే. చేతికొచ్చే గడ్డల్లో 1 నుంచి 5 శాతం, గోరు కింద వచ్చేది 30-50 ఏళ్ళ ఆడవాళ్ళలోనే ఎక్కువ. అరుదే, ఒప్పుకుంటా. కానీ పియర్ మాసన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ దీన్ని వివరంగా రాసింది 1924లో, వందేళ్ళు దాటిపోయినా ఇప్పటికీ పేషెంట్‌కి జబ్బు పేరు తెలిసేసరికి ఏళ్ళు పడుతున్నాయంటే అరుదన్న సాకు చాలదు.

ఎందుకంటే పరీక్షకి కావాల్సింది ఒక గుండుసూది, ఒక బీపీ మిషన్. సూది తల వైపుతో గోరు మీద అక్కడక్కడా నొక్కుతూ పోతే ఒక్క చుక్క దగ్గర మనిషి ఎగిరిపడి చెయ్యి లాక్కుంటది, పక్కనే నొక్కితే ఏమీ ఉండదు. తర్వాత చెయ్యి పైకెత్తించి బీపీ పట్టీ బిగించి రక్తం ఆపి అదే చోట నొక్కితే నొప్పి పోతాది, గాలి వదిలితే మళ్ళీ వస్తాది. మొదటిది లవ్ టెస్ట్, రెండోది హిల్డ్రెత్ టెస్ట్. పల్లెలో పీహెచ్‌సీలో కూడా చెయ్యొచ్చు, అయిదు నిమిషాల పని. గడ్డ సరిగ్గా ఎక్కడుందో చూడ్డానికి ఎమ్మారై మంచిదే, కాదనను, కానీ వేలు ముట్టుకోకుండానే స్కానింగులు రాసేస్తే కూలికి పోయే మనిషికి అది గోరుచుట్టుపై రోకటిపోటే. ఎక్స్‌రేలో ఒక్కోసారి ఎముక కొంచెం తినేసినట్టు కనబడతాది, కనబడకపోయినా గడ్డ లేదని కాదు.

నా కోపం అసలు ఇక్కడే. చన్నీళ్ళు తగిల్తే నొప్పి, ఒక్క చోటే నొప్పి, ఉన్నట్టుండి పోటు, ఈ మూడూ పేషెంట్ నోటి నుంచే వస్తాయి, వినేవాళ్ళుంటే సగం డయాగ్నసిస్ అయిపోయినట్టే. ఇంటి పని చేసుకునే ఆడమనిషి చెప్తే మాత్రం అది సాకులాగా వినబడతాది చాలామందికి.

ఆపరేషన్ చిన్నదే, వేలికి మత్తిచ్చి గోరు ఎత్తి గడ్డ మొత్తం తీసేస్తారు, కొంచెం మిగిలినా మళ్ళీ రావచ్చు కాబట్టి చేతి సర్జరీ తెలిసినవాళ్ళ దగ్గరే చేయించుకోండి. తీసిన ముక్కని బయాప్సీకి పంపమని అడగండి. కొత్త గోరు నెలకి 3 మిల్లీమీటర్లే పెరుగుతాది, పూర్తిగా రావడానికి 4-6 నెలలు పట్టొచ్చు.

ఇంకోటి, నొప్పి లేకుండా గోట్లో నల్ల గీత వచ్చి వెడల్పవుతా, పక్క చర్మానికి పాకుతుంటే అది వేరే కథ, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు, దానికి నిమ్మకాయలు పెట్టుకుంటా కూర్చోకుండా వెంటనే స్కిన్ డాక్టర్‌కి చూపించండి.