సవరణ: అండమాన్‌లో మకాం ఎక్కడ?

అండమాన్ మొదటిసారి వెళ్లేవాళ్లు ఐదు రాత్రులూ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండి, హేవ్‌లాక్ దీవికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చని మొన్న రాశాను. తప్పు. అది చదివి కూకట్‌పల్లిలో మా పిన్ని వాళ్లు గదులు కూడా చూసేస్తున్నారని తెలిసి ఈ సవరణ.

ప్రైవేటు ఫెర్రీకి ఒక వైపే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. దిగాక రాధానగర్ బీచ్ ఇంకో 12 కిలోమీటర్ల దూరం. పైగా డిసెంబరులో అక్కడ ఐదింటికే పొద్దుగూకుతుంది. మనకి హైదరాబాద్‌లో అప్పటికింకా చాయ్ వేళే. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తే రాధానగర్‌లో సూర్యాస్తమయం చూసే మాటే ఉండదు, అసలు వెళ్లేదే దానికోసం! కాబట్టి రెండు మూడు రాత్రులు హేవ్‌లాక్‌లోనే పడుకోండి.

హేవ్‌లాక్‌లోనే ఉన్న విజయనగర్ బీచ్‌లో సూర్యాస్తమయం బాగుంటుందనీ రాశాను. అది తూర్పు తీరం, కనిపించేది సూర్యోదయం. ఆటు సమయంలో అక్కడ నీళ్లు బాగా వెనక్కి పోయి రాళ్లు బయటపడతాయి. పిల్లలతో స్నానాలకి దిగాలంటే పోటు వేళలు హోటల్ వాళ్లని అడగండి.

చివరి రాత్రి మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లోనే. వాతావరణం బాగోకపోతే ఫెర్రీలు ఆగిపోతాయి, విమానం మీకోసం ఆగదు.

అన్నట్టు హేవ్‌లాక్ పేరు 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. టికెట్ మీద ఆ పేర్లుంటే కంగారు పడకండి.